బర్మింగ్‌హామ్ చెరసాల పత్రిక ఎవరికి వ్రాయబడినది? – ఒక విమర్శనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతము

డాక్టర్ మార్టిన్ లూథర్ కింగ్, జూనియర్ 1963 ఏప్రిల్ 16వ తేదీ వేసి, అలబామా రాష్ట్రములోని బర్మింగ్‌హామ్ నగర చెరసాల నుండి వ్రాసిన బహిరంగ లేఖ మన వేదాంత కళాశాలలకు కొత్తది కాదు. అన్యాయమైన చట్టమునకు విశ్వాసి లోబడవలెనా అను ప్రశ్న క్రైస్తవ నీతిశాస్త్ర తరగతిలో వచ్చినప్పుడెల్లా దానిని ఉదహరించుట పరిపాటి. అమెరికాలోని నల్లజాతి ప్రజలు పౌరహక్కుల కొరకు, జాతి వేర్పాటు అంతము కొరకు చేసిన పోరాటములో పుట్టిన వ్రాతలలో ఇంత విస్తారముగా చదవబడినది మరొకటి లేదనుట అతిశయోక్తి కాదు.

అయితే మనము దానిని చదివే తీరులో ఒక అలవాటు స్థిరపడిపోయినది. చదువుచున్నంతసేపు మనము చెరసాలలో కింగ్ ప్రక్కన కూర్చుంటాము. ఆయన కోపము మన కోపమవుతుంది, ఆయన వాదము మన వాదమవుతుంది. కాని ఆ లేఖ అటువంటి చదువరిని ఉద్దేశించి వ్రాయబడలేదు. అది ఎనిమిదిమంది మతనాయకులకు వ్రాయబడినది. వారు దుష్టులు కారు. జాతి వేర్పాటును సమర్థించు మూర్ఖులూ కారు. చదువుకున్నవారు, మర్యాదస్థులు, తమ సంఘములలో గౌరవము పొందినవారు. అనగా ఈ పరిశోధనా పత్రికను చదివేవారిలో అనేకుల వంటివారు.

ఈ లేఖకు ప్రాణము దాని చట్టవాదము కాదు, దాని సంఘ వేదాంతము అని ఈ వ్యాసములో చూపుటకు ప్రయత్నిస్తాను. లేఖ యొక్క బలము, దానిలోని కొన్ని లోపములు కూడా ఆ కోణము నుండి చూచినప్పుడే స్పష్టమవుతాయి.

2. చారిత్రక నేపథ్యము

ప్రభుత్వ పాఠశాలలలో జాతి వేర్పాటు రాజ్యాంగ విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 1954 మే 17న బ్రౌన్ కేసులో తీర్పు చెప్పినది. 1955 డిసెంబరు 5న మాంట్‌గొమరీ నగరములో ఆరంభమైన బస్సుల బహిష్కరణ 381 దినములు సాగి విజయము సాధించినది. అయినను దక్షిణ రాష్ట్రములలో దైనందిన జీవితము పెద్దగా మారలేదు. బర్మింగ్‌హామ్‌లో భోజనశాలలు, మరుగుదొడ్లు, నీటి కుళాయిలు జాతినిబట్టి వేరుగానే ఉండేవి. నగర ఉద్యానవనములలోనికి అందరినీ రానియ్యవలసి వచ్చినప్పుడు పాలకులు 1962లో వాటిని మూసివేయుటకే ఇష్టపడ్డారు.

ఆ నగరములో ఉద్యమమును నిలబెట్టినవాడు బెతెల్ బాప్టిస్టు సంఘ కాపరి ఫ్రెడ్ షటిల్స్‌వర్త్. నల్లజాతివారి హక్కుల సంస్థ అయిన ఎన్.ఎ.ఎ.సి.పి.ని అలబామాలో నిషేధించినప్పుడు ఆయన 1956లో వేరొక సంస్థను స్థాపించారు. ఆ సంవత్సరము క్రిస్మస్ రాత్రి ఆయన ఇంటిపై బాంబు వేశారు. 1957లో తన పిల్లలను శ్వేతజాతి పాఠశాలలో చేర్చబోతే గొలుసులతో కొట్టారు. ఆయన ఆహ్వానము మీదనే కింగ్, దక్షిణ క్రైస్తవ నాయకత్వ సదస్సు వారు ఆ నగరమునకు వచ్చి 1963 ఏప్రిల్ 3న ప్రత్యక్ష చర్య ప్రారంభించారు.

ఏప్రిల్ 10న న్యాయస్థానము ఊరేగింపులను నిషేధిస్తూ ఆజ్ఞ ఇచ్చినది. ఏప్రిల్ 12, శుభ శుక్రవారమున, కింగ్, రాల్ఫ్ అబర్నాథి తదితరులు ఆ ఆజ్ఞను మీరి నడిచి అరెస్టయ్యారు. అదే తేదీతో ఎనిమిదిమంది శ్వేతజాతి మతనాయకులు విడుదల చేసిన ప్రకటన వార్తాపత్రికలో అచ్చయి కింగ్ చేతికి వచ్చినది. ఆయన దొరికిన వార్తాపత్రిక అంచుల మీద, తోటి నల్లజాతి ఖైదీ తెచ్చి ఇచ్చిన కాగితపు ముక్కల మీద, తరువాత న్యాయవాదులు అందించిన కాగితముల మీద జవాబు వ్రాశారు. వాటిని బయటకు చేరవేయగా వ్యాట్ టీ వాకర్ కూర్చారు, విల్లీ పెర్ల్ మాకీ టైపు చేశారు. ఏప్రిల్ 20న కింగ్ విడుదలయ్యారు. మే నెలలో అమెరికన్ ఫ్రెండ్స్ సర్వీస్ కమిటీ ఆ లేఖను కరపత్రముగా ప్రచురించినది. జూన్ 12న క్రిస్టియన్ సెంచురీ పత్రికలో వచ్చినది. 1964లో కింగ్ గ్రంథము ‘వై వి కాంట్ వెయిట్’లో కొన్ని మార్పులతో చేరినది.

ఇందువలన లేఖ మొత్తము ఒక్క కూర్చోవడములో ఒంటరిగా వ్రాసినది కాదని కొందరు దాని విలువను తగ్గించి మాట్లాడుతారు. ఈ అభ్యంతరము బలహీనమైనది. రోమా పత్రికను వ్రాసిపెట్టిన తెర్తియు తన పేరును అందులోనే చెప్పుకున్నాడు (రోమా 16:22). వ్రాతగాని చేయి ఉన్నంత మాత్రాన పౌలు పత్రిక పౌలుది కాకుండా పోలేదు.

3. ఎనిమిదిమంది ఏమన్నారు?

జవాబును చదివి ప్రశ్నను చదవకుండా వదలివేయుట విమర్శకునికి తగదు. ఆ ఎనిమిదిమందిలో ఎపిస్కోపల్ బిషప్పులు కార్పెంటర్, ముర్రే. మెథడిస్టు బిషప్పులు హార్డిన్, హార్మన్. రోమన్ కథోలిక సహాయ బిషప్పు డ్యూరిక్. ప్రెస్బిటేరియన్ నాయకుడు రామేజ్. మొదటి బాప్టిస్టు సంఘ కాపరి స్టాలింగ్స్. యూదుల రబ్బీ గ్రాఫ్‌మన్ ఉన్నారు. అదే సంవత్సరము జనవరి 14న గవర్నరు జార్జి వాలస్ జాతి వేర్పాటు ఎన్నటికీ కొనసాగుతుందని ప్రకటించి ప్రమాణ స్వీకారము చేసినప్పుడు, రెండు దినములకే మరికొందరితో కలిసి న్యాయస్థానముల తీర్పులకు లోబడుడని ప్రజలను కోరినవారు కూడా వీరే. అందుకొరకు వేర్పాటువాదుల దూషణలు భరించారు. జోనాథన్ బాస్ 2001లో ప్రచురించిన గ్రంథము వీరి జీవితములను శ్రద్ధగా పరిశీలించి, వారిని కేవలము కింగ్ కథలోని ప్రతినాయకులుగా చూడరాదని వాదించినది. ఆ వాదనలో న్యాయమున్నది.

తరువాతి కాలములో ‘ఐక్యతకు పిలుపు’ అను పేరు పొందిన వారి ఏప్రిల్ ప్రకటన చాలా చిన్నది. దాని సారాంశము ఇది: ఈ ప్రదర్శనలు వివేకములేనివి, సమయోచితము కానివి, వీటిని కొంతవరకు బయటివారు నడుపుచున్నారు, హక్కులు నిరాకరింపబడితే న్యాయస్థానములలోను స్థానిక నాయకుల చర్చలలోను సాధించుకొనవలెను గాని వీధులలో కాదు, శాంతి కాపాడిన రక్షకభటులు అభినందనీయులు.

ఇందులో ద్వేషముతో కూడిన మాట ఒక్కటీ లేదు. ఇదే గమనించవలసిన సంగతి. ఏ సంఘ పాలకమండలి అయినా, ఏ ఊరిలో వివాదము రేగినప్పుడైనా, ఇంచుమించు ఇదే ప్రకటన చేయగలదు. కింగ్ తన సుదీర్ఘమైన జవాబును వాలస్‌కు గాని, రక్షకభటుల అధిపతి బుల్ కానర్‌కు గాని వ్రాయలేదు. ఈ మర్యాదగల ప్రకటనకు వ్రాశారు.

4. పత్రికారూపము

కింగ్‌కు పౌలు గొంతు ధరించుట అప్పటికే అలవాటు. 1956 నవంబరు 4న మాంట్‌గొమరీలోని డెక్స్‌టర్ అవెన్యూ బాప్టిస్టు సంఘములో, పౌలు అమెరికా క్రైస్తవులకు పత్రిక వ్రాస్తే ఎట్లుండునో ఊహించి ప్రసంగించారు. ఆ ప్రసంగములో పౌలు వేషము ఉన్నది. 1963లో వేషము అవసరము లేకపోయినది, చెరసాల నిజముగానే వచ్చినది. తోటి సేవకులను సంబోధించుట, తన రాకకు కారణము చెప్పుట, వారి అభ్యంతరములను ఒక్కొక్కటిగా తీసుకొని సమాధానమిచ్చుట, గద్దింపు, మెచ్చుకోలు, చివర సహోదర సహవాసమును ఆశించుట – ఈ క్రమము మనకు కొరింథీయుల పత్రికలలో పరిచితమైనదే.

బయటివాడు అను ఆరోపణకు ఆయన ఇచ్చిన సమాధానము చూడండి. మొదట సంస్థాపరమైన కారణము చెప్పారు: స్థానిక శాఖ ఆహ్వానించినది. తరువాత ప్రవక్తలను, మాసిదోనియ పిలుపును అందుకున్న పౌలును (అపొ. కా. 16:9) చూపారు. చివరకు, దేశములోని ఒక చోట జరిగే అన్యాయము మిగిలిన చోట్లకు కూడా ముప్పే కనుక, ఆ దేశమునకు చెందినవాడెవడూ దానిలో బయటివాడు కాలేడని వాదించారు. కార్యాలయపు కారణముతో మొదలై, లేఖన కారణము మీదుగా, మానవ సంబంధమునకు చేరిన ఈ మెట్లు యాదృచ్ఛికమైనవి కావు. దైవసేవకుడు కాదనలేని మెట్టు మధ్యలో ఉన్నది. దానిని అంగీకరించినవాడు మూడవ మెట్టు ఎక్కక తప్పదు.

5. ఒక్క దీర్ఘవాక్యము

‘కొంతకాలము ఆగండి’ అను సలహాకు కింగ్ ఇచ్చిన జవాబులో ఆంగ్లమున మూడు వందలకు పైగా పదములున్న ఒకే వాక్యము ఉన్నది. మూకల చేతిలో హత్యలు, పోలీసుల క్రౌర్యము, పేదరికము; టెలివిజన్‌లో చూచిన వినోద ఉద్యానవనములోనికి తానెందుకు వెళ్లకూడదని అడిగిన ఆరేండ్ల కుమార్తెకు జవాబు చెప్పలేని తండ్రి; దారిలో ఏ వసతిగృహము రానియ్యక కారులోనే గడిపే రాత్రులు – ఇవన్నీ ఒకదాని వెనుక ఒకటి ‘అప్పుడు’, ‘అప్పుడు’ అంటూ పేరుకొనిపోతాయి. ప్రధాన వాక్యము చిట్టచివర మాత్రమే వస్తుంది: అప్పుడు మాకు ఆగుట ఎందుకు కష్టమో మీకు తెలుస్తుందని. ఆగమన్నవారిని వాక్యాంతము వరకు ఆగునట్లు చేయుటే ఇక్కడి వాదము.

తెనిగించువారికి ఇక్కడ ఒక చిక్కున్నది. తెలుగు వాక్యములో క్రియ సహజముగానే చివర వస్తుంది గనుక ఆంగ్ల పాఠకునికి కలిగే నిరీక్షణ మనకు వింతగా తోచదు. పైగా చదువుటకు సులువని వాక్యమును పది ముక్కలు చేయాలనిపిస్తుంది. ఆ పని చేయరాదు. ముక్కలు చేస్తే కష్టముల జాబితా మిగులుతుంది, నిరీక్షణ పోతుంది.

ఆ వాక్యములోనే పిలుపుల సంగతి వస్తుంది. ఎంత వయస్సు వచ్చినా నల్లజాతి పురుషుని ‘కుర్రవాడా’ అని పిలుచుట, అతని భార్యకు, తల్లికి శ్రీమతి అను గౌరవపదము ఎన్నడూ ఇవ్వకపోవుట ఆయనను నొప్పించాయి. ఈ నొప్పిని తెలుగు పాఠకునికి విడమరచి చెప్పనక్కరలేదు. ‘ఒరే’ అను పిలుపుకూ ‘గారు’ అను పిలుపుకూ మధ్య ఎంత దూరమున్నదో, ఆ దూరమును ఎవరు ఎవరి మీద నిలిపారో మన భాషే సాక్ష్యము చెబుతుంది.

6. చట్టవాదము: బలము, ఖాళీ

న్యాయమైన చట్టమునకు, అన్యాయమైన చట్టమునకు కింగ్ చెప్పిన భేదము ప్రసిద్ధమైనది. అగస్టీను, థామస్ అక్వైనాసుల సంప్రదాయముతో ఆరంభించి, మనిషిని వస్తువుగా మార్చు సంబంధమును గూర్చి మార్టిన్ బూబర్ చెప్పినదానిని, పాపము ఎడబాటేనని పాల్ టిలిక్ చెప్పినదానిని జతచేశారు. తరువాత వేదాంతము నుండి పౌర జీవితమునకు దిగి, పరీక్షించగల కొలమానములు ఇచ్చారు: అధిక సంఖ్యాకులు తమకు వర్తింపజేసుకొనకుండా అల్పసంఖ్యాకుల మీద మోపిన చట్టము అన్యాయము, ఓటు హక్కు లేనివారి మీద వారి ప్రమేయము లేకుండా మోపినది అన్యాయము, పైకి న్యాయముగా ఉండి అమలులో వేర్పాటును కాపాడునది అన్యాయము. అటువంటి చట్టమును మీరువాడు బహిరంగముగా, ప్రేమతో మీరి, శిక్షను అంగీకరించవలెను.

మూడవ కొలమానమునకు చరిత్ర విచిత్రమైన ధ్రువీకరణ ఇచ్చినది. నిషేధాజ్ఞను మీరినందుకు కింగ్, వాకర్ తదితరులకు పడిన శిక్షను 1967లో సుప్రీంకోర్టు 5–4 తేడాతో సమర్థించినది, కింగ్ మరల చెరసాలకు వెళ్లవలసి వచ్చినది. అదే ఊరేగింపుకు సంబంధించి షటిల్స్‌వర్త్ మీద మోపిన నేరమును మాత్రము 1969లో అదే న్యాయస్థానము కొట్టివేసి, నగరము ఆ అనుమతి చట్టమును వాడిన తీరు రాజ్యాంగ విరుద్ధమని తేల్చినది.

అయితే వేదాంత విద్యార్థి అడుగవలసిన ప్రశ్న ఒకటి మిగిలే ఉన్నది. అధికారులకు లోబడుమని చెప్పు రోమా 13:1-7 ఎక్కడ? పౌలు వలె వ్రాసిన ఈ పత్రిక, పౌలు వ్రాసిన అతి కష్టమైన వచనములను ఎత్తుకొనలేదు. షద్రకు, మేషాకు, అబేద్నెగోల అవిధేయతను చూపినది, ఆదిమ క్రైస్తవుల హతసాక్షిత్వమును చూపినది, సోక్రటీసును చూపినది; కాని సంఘములో శాంతిభద్రతల పక్షము వహించువారు మొదట తెరచే అధ్యాయమును తెరవలేదు. చెరలో గ్రంథములు లేవన్నది చాలిన కారణము కాదు, ఆ అధ్యాయము కాపరికి కంఠస్థమే. రబ్బీ కూడా ఉన్న శ్రోతల ముందు అందరికీ చెందిన సంప్రదాయము నుండి వాదించుట ఆయన ఎన్నుకున్న మార్గమని ఊహించవచ్చును. కారణమేదైనను, ఈ ఖాళీని పూరించు పని కింగ్ తన చదువరులకే మిగిల్చారు. శిక్షను అంగీకరించుటలో అధికారమును గుర్తించుట, చట్టమును మీరుటలో దాని హద్దును చూపుట – ఈ రెండును కలిపితే రోమా 13కు ఒక వ్యాఖ్యానము లభిస్తుంది. ఆ వ్యాఖ్యానమును ఆయన చేతలతో చేశారు గాని ఈ లేఖలో మాటలతో చేయలేదు.

7. మితవాది, సంఘము

లేఖ మధ్యకు వచ్చేసరికి స్వరము మారుతుంది. నల్లజాతివారి విడుదలకు అసలు ఆటంకము ముసుగు వేసుకున్న క్లాన్ సభ్యుడు కాదేమో, న్యాయము కంటె ప్రశాంతతను ఎక్కువగా ప్రేమించు శ్వేతజాతి మితవాదియేమో అను విచారకరమైన నిర్ణయమునకు వచ్చానని కింగ్ చెబుతున్నారు. ఘర్షణ లేకపోవుటే శాంతి అనుకొనుటకు, న్యాయము ఉండుటే శాంతి అనుకొనుటకు భేదము చూపారు. ఇది యిర్మీయా భేదమే. ప్రజల గాయమును పైపైన మాన్పి సమాధానము లేనప్పుడు సమాధానమని చెప్పినవారిని ఆ ప్రవక్త గద్దించాడు (యిర్మీయా 6:14).

ఆ తరువాత సంఘమును గూర్చి వ్రాసిన భాగము నా దృష్టిలో ఈ లేఖకు హృదయము. మాంట్‌గొమరీ పోరాటములో శ్వేతజాతి కాపరులు తమ పక్షముగా నిలుస్తారని ఆశించి నిరాశపడినట్లు ఆయన చెప్పుకున్నారు. దక్షిణ రాష్ట్రములలోని అందమైన ఆలయ గోపురములను చూచి, అక్కడ ఎవరు ఆరాధిస్తున్నారు, వారి దేవుడెవరు అని ఆశ్చర్యపడినట్లు వ్రాశారు. ఆదిమ సంఘము లోకపు ఉష్ణోగ్రతను సూచించు పరికరము వంటిది కాదు, దానిని మార్చు పరికరము వంటిదని పోల్చారు. సంఘమును తాను ప్రేమించుట వలననే ఈ నిరాశ ఇంత లోతైనదని, తాను కాపరి కుమారుడను, మనుమడను, మునిమనుమడనని గుర్తుచేశారు. ఆ ప్రేమను తీసివేస్తే మిగిలేది రాజకీయ వాదమే.

మెచ్చుకోలును కూడా ఆయన దాచుకొనలేదు. ఏప్రిల్ 14న, ఈస్టరు ఆదివారమున, స్టాలింగ్స్ తన ఆలయములోనికి నల్లజాతివారిని రానిచ్చినందుకు పేరు పెట్టి అభినందించారు. ఆ తరువాతి చరిత్ర కూడా చెప్పవలెను. స్టాలింగ్స్, రామేజ్ ఇద్దరును తమ సంఘములలో ఒత్తిడికి గురై కొన్నేండ్లలో ఆ నగరము విడిచిపోయారు. డ్యూరిక్ తరువాత నాష్‌విల్ బిషప్పుగా పౌరహక్కుల పక్షముగా బహిరంగముగా నిలిచారు. 1970లో ఆ మొదటి బాప్టిస్టు సంఘము ఒక నల్లజాతి తల్లిని, కుమార్తెను సభ్యులుగా చేర్చుకొనుటకు నిరాకరించగా, అప్పటి కాపరితో కూడ ఒక వర్గము బయటకు వచ్చి వేరొక సంఘము స్థాపించినది. మితవాదికి కూడా మూల్యము ఉంటుందని, ఆగినంత మాత్రాన ఆ మూల్యము తప్పదని ఈ చరిత్ర బోధిస్తుంది.

8. లేఖ చెప్పని సంగతులు

మొదటిది, స్త్రీలు. ముసలివారై, అలసిన పాదములతో బస్సు ఎక్కక నడిచిన స్త్రీ, పోలీసులు నెట్టివేసిన స్త్రీలు లేఖలో ఉన్నారు. కాని నల్లజాతి నాయకురాలు ఒక్కరి పేరైనా లేదు. శ్వేతజాతి రచయిత్రి లిలియన్ స్మిత్ పేరు మాత్రము ఉన్నది. మాంట్‌గొమరీ బహిష్కరణకు రాత్రికి రాత్రి వేల కరపత్రములు సిద్ధము చేసిన జో ఆన్ రాబిన్సన్, కింగ్ సంస్థ కార్యాలయమును తొలి దినములలో నడిపిన ఎల్లా బేకర్, ఓటు వేయుటకు అక్షరాలు నేర్పిన సెప్టిమా క్లార్క్ లేకుండా ఆ ఉద్యమమును ఊహించలేము. పౌలు కూడా రోమా 16లో ఫీబేను, ప్రిస్కిల్లను పేరు పెట్టి జ్ఞాపకము చేశాడు. ఈ విషయములో శిష్యుడు గురువు కంటె వెనుకబడినాడు.

రెండవది, నల్లజాతి సంఘములోని విభేదము. బర్మింగ్‌హామ్‌లో అనేక నల్లజాతి కాపరులు మొదట ఉద్యమమునకు దూరముగా ఉన్నారు. నేషనల్ బాప్టిస్టు కన్వెన్షన్ అధ్యక్షుడు జోసెఫ్ జాక్సన్ ప్రత్యక్ష చర్యను వ్యతిరేకించారు. ఆయన నాయకత్వము మీద వచ్చిన వివాదములో 1961లో కింగ్ పక్షము వారు వేరై మరొక కన్వెన్షన్ ఏర్పరచుకున్నారు. లేఖ తన జనులలోని ఉదాసీనతను క్లుప్తముగా ప్రస్తావించినది గాని ఈ గాయమును తెరవలేదు. శ్వేతజాతి సంఘమునకు అద్దము చూపుచున్న సమయములో అది యుక్తమే కావచ్చును. అయితే మితవాదము ఒక జాతి సొత్తు కాదన్న సంగతి దీనివలన మరుగున పడినది.

మూడవది, ఫలితము. ఈ పత్రిక బర్మింగ్‌హామ్‌ను మార్చలేదు. మే 2న వీధులలోనికి వచ్చిన పాఠశాల పిల్లలు మార్చారు. మే 3న వారి మీదికి కుక్కలను, అగ్నిమాపక దళపు నీటి గొట్టములను వదలిన దృశ్యములు లోకమంతట చూపబడినవి. మే 10న ఒప్పందము కుదిరినది. ముందుగా దిగివచ్చినవారు నగరములోని వర్తకులు, వ్యాపార ప్రముఖులు, సంఘములు కావు. సెప్టెంబరు 15న పదహారవ వీధి బాప్టిస్టు ఆలయములో పెట్టిన బాంబు ఆదివారపు ఉదయమున నలుగురు బాలికలను చంపినది. పౌరహక్కుల చట్టము 1964 జూలై 2న, ఓటు హక్కు చట్టము 1965 ఆగస్టు 6న వచ్చినవి. ఇంతటి ఉత్తమ పత్రిక తన తొలి చదువరులను ఆ క్షణమున కదిలించలేకపోయినదన్న సత్యమును మనము పుస్తకపు అందములో మరచిపోరాదు.

9. తెలుగు సంఘములో ఈ పఠనము

ఈ లేఖకు మనకు గల సంబంధము కల్పితమైనది కాదు. బాప్టిస్టు కుటుంబమునే చూడండి. తెలుగువారి మధ్యకు 1836లో వచ్చిన శామ్యూల్ డేను పంపినది అమెరికాలో అప్పటికి ఇంకా చీలని బాప్టిస్టు మిషనెరీ కన్వెన్షన్. 1845లో బానిసత్వపు ప్రశ్న మీద దక్షిణాదివారు వేరై తమ కన్వెన్షన్‌ను స్థాపించుకున్నారు. స్టాలింగ్స్ కాపరిగా ఉన్నది ఆ కొమ్మలో. నెల్లూరు, ఒంగోలు సంఘములు ఉత్తరాది కొమ్మ నాటినవి. ఆ చీలికకు మూలమైన బానిసత్వమును గూర్చి దక్షిణ బాప్టిస్టులు 1995లో క్షమాపణ తీర్మానము చేశారు.

కింగ్ 1959 ఫిబ్రవరి, మార్చి నెలలలో భారతదేశములో పర్యటించారు. తిరువనంతపురములో అంటరానివారని పిలువబడినవారి పిల్లలు చదివే పాఠశాలలో ఆయనను అమెరికా నుండి వచ్చిన తోటి అంటరానివాడని పరిచయము చేశారు. మొదట నొచ్చుకొని, తరువాత అది నిజమేనని గ్రహించినట్లు 1965 జూలై 4న ఎబెనెజరు సంఘములో చేసిన ప్రసంగములో ఆయనే చెప్పుకున్నారు. జేమ్స్ కోన్ 1969 నుండి వ్రాసిన నల్లజాతి వేదాంతము, 1980ల నుండి అర్వింద్ నిర్మల్ వంటివారు రూపొందించిన దళిత వేదాంతమునకు ఒక ప్రేరణ అయినది.

అయితే జాతిని, కులమును ఒకదానికొకటి అతికించుటలో తొందర పనికిరాదు. బర్మింగ్‌హామ్‌లో చట్టమే వేర్పాటును ఆజ్ఞాపించినది. ఇక్కడ రాజ్యాంగము 17వ అధికరణము అంటరానితనమును నిషేధించినది, 1955లోను 1989లోను చట్టములు వచ్చినవి. అయినను 1985 జూలై 17న కారంచేడులోను, 1991 ఆగస్టు 6న చుండూరులోను దళితులు చంపబడ్డారు. ఆ కుటుంబములలో క్రైస్తవులు ఉన్నారు. చట్టము న్యాయము పక్షముననే ఉండి ఆచారము దానికి ఎదురు నిలిచినచోట, అన్యాయమైన చట్టమును మీరుట అను కింగ్ వాదము నేరుగా అన్వయించదు. కాని మితవాదిని గూర్చి, సంఘమును గూర్చి ఆయన వ్రాసినది ఒక్క అక్షరము మార్చకుండ అన్వయిస్తుంది.

ఒక్క విషయములో చట్టవాదము కూడా వర్తిస్తుందని చెప్పవచ్చును. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హోదాను మతముతో ముడిపెట్టినది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది విస్తరించినది. క్రైస్తవ దళితులకు విస్తరించలేదు. దీనిని సంఘములు దశాబ్దములుగా ప్రశ్నిస్తున్నాయి, ప్రశ్నించుట న్యాయమే. కాని మతము మారినా కులము మమ్మును విడువలేదని ప్రభుత్వము ఎదుట చెప్పు సంఘము, తన పాస్టరేట్ కమిటీలలో, పెండ్లి సంబంధములలో, కొన్నిచోట్ల సమాధుల తోటలలో అదే కులమును గూర్చి ఎవరైనా ప్రశ్నిస్తే ఏమంటుంది? ఇది సమయము కాదంటుంది. బయటివారు రేపిన గొడవ అంటుంది. లోపల మాట్లాడుకుందామంటుంది. ఐక్యత చెడగొట్టవద్దంటుంది. ఈ నాలుగు మాటలును 1963 ఏప్రిల్ 12 నాటి ప్రకటనలోనివే.

10. ముగింపు

బర్మింగ్‌హామ్ చెరసాల పత్రిక గొప్పతనము అది శత్రువును ఓడించుటలో లేదు. తనతో సగము ఏకీభవించు తోటి సేవకుని నిద్ర లేపుటలో ఉన్నది. రోమా 13 విషయములో దాని ఖాళీ, స్త్రీల విషయములో దాని మౌనము, తన వారి విషయములో దాని క్లుప్తత మనము పూరించవలసినవే. కాని దానిని చెరసాల లోపలి నుండి మాత్రమే చదువుట మానితేనే ఆ పని సాధ్యము.

కనుక మన కళాశాలలలో దీనిని బోధించువారికి ఒక చిన్న సూచన. కింగ్ లేఖను విద్యార్థుల చేతికి ఇచ్చుటకు ముందు, పేర్లు, తేదీ తీసివేసి, ఆ ఎనిమిదిమంది ప్రకటనను మాత్రమే తెలుగులో ఇవ్వండి. ఇందులో తప్పేమున్నదో వ్రాయమనండి. తప్పేమీ కనబడలేదని వ్రాసినవారు ఎందరున్నారో లెక్కించిన తరువాతనే, చెరసాల నుండి వచ్చిన జవాబును తెరవండి.